అరుపు లేని కుందేలు

మా పాప చదివే బడిలో ఆవిడను అందరూ కూతల టీచరు అంటారు. అసలు పేరు పెట్టి పిలిస్తే ఆవిడే ఒక క్షణం ఆగి, ఇంకెవరినో అనుకుని వెనక్కి తిరిగి చూస్తుంది. మూడేళ్ళు దాటి ఐదేళ్ళు నిండని పిల్లల గది ఆవిడది. రంగులూ అంకెలూ కూడా చెబుతుంది గానీ, ఆవిడకు పేరు తెచ్చినవి మాత్రం జంతువులే. ఆవిడ గాడిదలా ఓండ్ర పెట్టిందంటే గేటు దగ్గర స్కూటరు ఆపుతున్న తండ్రులు ఉలిక్కిపడి పక్కకు జరుగుతారు. పిల్లల్ని దింపి ఆఫీసుకు పరిగెత్తాల్సిన తల్లులు "ఇవాళ గుర్రం ఉందట, ఒక్క నిమిషం చూసి పోదాం" అంటూ కిటికీ దగ్గర నిలబడిపోతారు.

ఆ గదిని నేను అంత దగ్గరగా చూడడానికి కారణం ఆ బడి పెట్టిన ఒక నియమం. ప్రతి ఇంటి నుంచీ తల్లో తండ్రో వంతు ప్రకారం ఒక పూట వచ్చి గదిలో కూర్చోవాలి. బూట్ల తాళ్ళు కట్టాలి, ముక్కులు తుడవాలి, బాత్రూముకు తీసుకెళ్ళి తీసుకురావాలి. మా ఆవిడది పగటి డ్యూటీ. నేను నీళ్ళు పరీక్షించే ల్యాబులో షిఫ్టు పని చేస్తాను. అందుకని ముక్కులు నా వంతుకు వచ్చాయి. మొదటి రోజే నేను టీచరును అడిగింది, ఆ నీలం టబ్బులో నీళ్ళు ఎంత లోతు అని. చిన్నపిల్లలకు జానెడు నీళ్ళు కూడా ప్రమాదమని చదివి ఉన్నాను. ఆవిడ టబ్బులో చెయ్యి నిలువుగా పెట్టి, మణికట్టు తడవలేదని చూపించింది.

"పిల్లల సంగతి నేను చూసుకుంటా. మీరు మరీ వంగి చూడకండి, కళ్ళజోడు పడుతుంది" అంది.

ఆ టబ్బు పక్కనే మట్టి పోసిన వెడల్పాటి ట్రే ఉండేది. రెంటికీ మధ్య గుడ్డ కప్పిన బుట్ట. ఒక్కొక్కరే వచ్చి గుడ్డ కిందకి చెయ్యి పెట్టి రబ్బరు బొమ్మను బయటికి తీయాలి. ఆవు వస్తే టీచరు "అంబా" అనేది. ఆ అంబాలో దూడ కనబడక వెతుక్కుంటున్న ఆవు వేరు, మేత కోసం పిలిచే ఆవు వేరు. పిల్లలు అందరూ కలిసి అరిచేవాళ్ళు. బొమ్మ తీసిన పిల్ల దాన్ని మట్టి మీద నిలబెట్టేది. చేప వచ్చిందంటే మాత్రం ఆట మారిపోయేది. టీచరు నోటి మీద వేలు పెట్టుకునేది. పిల్లలందరూ నోటి మీద వేలు పెట్టుకునేవాళ్ళు. ఆ నిశ్శబ్దంలో చేపను మెల్లగా నీళ్ళలోకి జార్చాలి. పీత వచ్చినా అంతే, తాబేలు వచ్చినా అంతే. గదిలో అల్లరి మితిమీరినప్పుడు ఆవిడ బుట్ట అడుగున వెతికి మరీ చేపను పైకి తెచ్చేదని ఆయమ్మ నవ్వుతూ చెప్పింది. ఆయమ్మ ఆ గది ఊడ్చి, పిల్లలకు మంచినీళ్ళిచ్చే మనిషి. అక్కడ జరిగేవన్నీ ఆమెకు తెలుసు.

ఈ కూతలు ఆవిడ ఎక్కడా శిక్షణ తీసుకుని నేర్చుకున్నవి కావు. వాళ్ళ నాన్న పశువుల ఆసుపత్రిలో కాంపౌండరు. ఇల్లు ఆసుపత్రి వెనక గదులే. గోడకు అటువైపు వైద్యం, ఇటువైపు వీళ్ళ పడకలు. పొద్దున్నే వాళ్ళ నాన్న పళ్ళు తోముకుంటూ "బయట ఎవరొచ్చారు?" అని అడిగేవాడు. దుప్పటిలోంచే ఈ అమ్మాయి "మేక. దానికేం కాలేదు, ఊరికే భయపడుతోంది" అని చెప్పేది. చాలాసార్లు సరిగ్గానే చెప్పేదట. ఇంటికొచ్చిన చుట్టాల ముందు గుర్రమూ కుక్కా చేసి చూపించమంటే సిగ్గుపడకుండా చేసేది. టీచరు ట్రైనింగ్ పూర్తి చేసి ఈ బడిలో చేరిన మొదటి రోజు, గది నిండా అమ్మ కావాలని ఏడ్చే పిల్లలు. ఎత్తుకుంటే ఏడ్చారు, దించితే ఏడ్చారు, పాట పాడితే ఇంకా ఏడ్చారు. విసిగిపోయి ఈవిడ గాడిదలా ఓండ్ర పెట్టింది. గది మొత్తం ఒక్కసారిగా నోరు మూసుకుంది. ఆ రోజు నుంచి ఆవిడ పాఠమంతా గొంతు మీదే నడిచింది.

నీళ్ళ జంతువుల పాఠం మరీ చిన్నదిగా ఉంటుందేమని ఒకసారి అడిగాను.

"మరి చేపల్ని ఎవరూ ఆసుపత్రికి తీసుకురారు కదండీ! నేను విననిది ఎలా చెప్పను?" అంది.

అలాంటి గొంతు మొన్న వేసవి తర్వాత బొంగురుపోవడం మొదలుపెట్టింది. ముందు గుర్రం పోయింది. సకిలింపు మధ్యలో తెగిపోయేది. తర్వాత పిల్లి. చివరికి మామూలు మాట కూడా గీసుకుంటూ రావడంతో వాళ్ళాయన బలవంతంగా గొంతు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆయన నీటి మోటార్లు బాగుచేస్తాడు. డాక్టరు గదిలో జరిగిన సంభాషణ ఆయనే నాకు చెప్పాడు.

"ఏం పని చేస్తారమ్మా?"

"చిన్నపిల్లల టీచర్నండి."

"పాఠం చెబితేనే గొంతు ఇంత పాడవదే?"

"గాడిదలా అరుస్తానండి."

డాక్టరు రాస్తున్న కలం ఆపాడట. "ఇంట్లో?"

"ఇంట్లో మా అత్తగారికి వినపడదండి."

"అంటే అక్కడా గాడిదేనన్నమాట."

గొంతు లోపలి తీగల మీద చిన్న బుడిపెలు లేచాయి. కొన్ని వారాలపాటు పూర్తిగా మౌనం. గుసగుసగా మాట్లాడినా అదే నష్టం కాబట్టి అదీ వద్దు. అలా ఉంటే ఆపరేషన్ తప్పవచ్చు. కానీ తగ్గినా, పాత కూతల జోలికి మాత్రం వెళ్ళకూడదు. గాడిద అసలే వద్దు.

ఈ మాట వాళ్ళాయన వచ్చి బడి నడిపే పెద్ద మేడానికి చెప్పినప్పుడు నేను గేటు దగ్గర పాప కోసం ఎదురుచూస్తున్నాను. పెద్ద మేడం చెడ్డమనిషి కాదు. తలుపు తెరిచే ఉంది కాబట్టి మాటలన్నీ వినపడ్డాయి.

"సెలవు పెట్టమను, జీతం ఆపను. కానీ సెలవయ్యాక మాత్రం ఏం చేస్తుంది? అరవకూడదంటున్నావు కదా. మాట్లాడని టీచర్ని తల్లిదండ్రులకు ఎలా చూపించను?"

"మాట్లాడే టీచర్లు చాలామందే ఉన్నారు కదమ్మా! వాళ్ళ మాట పిల్లలు విన్నారా ఏంటి?" అంది ఆయమ్మ, గుమ్మంలోంచి.

"నువ్వు ఊరుకోవే. మెట్ల కింద పుస్తకాల గది ఉంది. అట్టలు వేయడం, సర్దడం. హాయిగా కూర్చుని చేసుకోవచ్చు. పిల్లల గదికి కొత్తమ్మాయిని పెడతాను. కూతలకేముంది, ఇప్పుడు స్పీకరు పెట్టి ఒక్కటి నొక్కితే వంద జంతువులు అరుస్తాయి."

మరునాడు టీచరు సెలవు పెట్టకుండా బడికి వచ్చేసింది. మెడలో పలక వేలాడుతోంది. దాని మీద రాసి ఉంది: 'నెలాఖరు దాకా నా గదిలో నన్ను ఉండనివ్వండి. ఆ తర్వాత మీ ఇష్టం.' నెలాఖరున తల్లిదండ్రులు వచ్చి పాఠం చూసే రోజు ఉంది. పెద్ద మేడం ఆలోచించి సరేనంది. ఆ రోజు పాఠం బాగా నడిస్తే గది ఆవిడదే. నడవకపోతే మెట్ల కింద గది. ఈ ఒప్పందం ఆయమ్మ ద్వారా సాయంత్రానికల్లా అన్ని ఇళ్ళకూ చేరిపోయింది.

పిల్లలు మౌనాన్ని మాకంటే సులువుగా తీసుకున్నారు. ఆవిడ చప్పట్లు కొడితే లేచారు, చెయ్యి దించితే కూర్చున్నారు. ఆవు వస్తే ఆవిడ మెడ సాచి పిల్లల వైపు చూపించేది, అంబా వాళ్ళే అనేవాళ్ళు. చేప వస్తే ఎప్పటిలాగే నోటి మీద వేలు. నా వంతు రోజున చూస్తే పాఠం చక్కగానే సాగింది. ఒక్క బొమ్మ కూడా తప్పు చోటికి వెళ్ళలేదు. నాకు కొంచెం ధైర్యం వచ్చింది.

నెలాఖరుకు ముందు రోజు సాయంత్రం పాపకు స్నానం చేయిస్తున్నాను. అది తన కుందేలు బొమ్మను బకెట్లో ముంచి, నోటి మీద వేలు పెట్టుకుంది.

"కుందేలుకు స్నానమా?" అన్నాను.

"స్నానం కాదు నాన్నా. అది అక్కడే ఉంటుంది."

"కుందేలు నీళ్ళలో ఉండదమ్మా."

"ఉంటుంది. అది అరవదు కదా."

"అరవకపోతే?"

నా తెలివితక్కువతనానికి అది జాలిపడినట్టు చూసింది. "అరవనివన్నీ నీళ్ళలోనే ఉంటాయి. టీచరు కూడా నీళ్ళలోకి వెళ్ళిపోయింది. అందుకే మాట్లాడట్లేదు."

నేను మగ్గు కింద పెట్టాను. చీమ ఎక్కడుంటుందని అడిగాను. నీళ్ళలో అంది. నత్త? నీళ్ళలో. జిరాఫీ? కాస్త ఆలోచించి, పెద్ద నీళ్ళలో అంది. కప్ప? "అది బెకబెకమంటుంది, బయట." సీతాకోకచిలుకనూ నీళ్ళలోనే వేసింది. ఎంత అడిగినా ఒక్క మినహాయింపు కూడా దొరకలేదు. ల్యాబులో ఇంత శుభ్రమైన ఫలితం నాకెప్పుడూ రాలేదు.

తడి తలతోనే పాపను తువ్వాల్లో చుట్టి కూర్చుని ఆలోచించాను. బడిలో ఇది ఎందుకు బయటపడలేదో కొంచెంసేపటికి అర్థమైంది. ఆవిడ బుట్ట ఆవిడే పోగుచేసుకున్నది. నేల మీద బతికేవాటిలో కూత ఉన్నవాటినే ఏరుకుంది. ఆ బుట్టలో అరిచేవన్నీ నేల మీదివే, అరవనివన్నీ నీళ్ళవే. అక్కడి పిల్లలు పెట్టుకున్న సూత్రం ఆ బుట్ట వరకూ నూటికి నూరుపాళ్ళు నిజం. చిక్కు ఏమిటంటే, రేపటి పాఠానికని పెద్ద మేడం కొత్త బొమ్మల పెట్టె తెప్పించింది. పెట్టె మీద కుందేలు బొమ్మే ఉంది. జిరాఫీ తల పైనుంచి కనబడుతోంది కూడా. పొద్దున గేటు దగ్గర స్వయంగా నేనే పట్టుకుని లోపల పెట్టాను.

మా ఆవిడకు ఫోన్ చేస్తే, "ఆవిడకు చెప్పు. నీలో నువ్వే కుమిలిపోతే కుందేలు ఒడ్డుకొస్తుందా?" అంది. పాపకు గౌను వేసి, చంకనెత్తుకుని బయల్దేరాను.

వాళ్ళ ఇల్లు మోటార్ల షాపు పైన. మెట్లెక్కితే ముందుగది. టీచరు అత్తగారు కిటికీ పక్క కుర్చీలో కూర్చుని చిక్కుడుకాయలు వలుస్తోంది. నన్ను చూసి, "రా బాబూ. గట్టిగా మాట్లాడు, ఈ ఇంట్లో ఇప్పుడు ఎవరూ మాట్లాడట్లేదు" అంది.

"టీచరుగారి గొంతు ఎలా ఉందండీ?" అని అరిచాను.

"ఏమో నాయనా. అరిచినన్నాళ్ళూ నాకు వినపడలేదు, మానేసినా నాకు తేడా తెలియలేదు. ఇంతకాలం ఎవరికోసం అరిచినట్టు?" అని కోడలి వైపు చూసి, "చెయ్యి ఊపితే సరిపోయేది కదే, పిచ్చిదానా!" అంది.

టీచరు నవ్వు ఆపుకుని నాకు కుర్చీ జరిపింది. నేను బకెట్ సంగతి మొదలుపెట్టాను. సగంలోనే ఆవిడ ముఖంలో నవ్వు పోయింది. పాపను దగ్గరికి పిలిచి, షెల్ఫు మీదున్న బొటనవేలంత చిన్న చెక్క ఒంటెను చూపించి, ఎక్కడుంటుందని సైగ చేసింది. పాప గర్వంగా నోటి మీద వేలు పెట్టుకుంది. టీచరు ఆ వేలినే చాలాసేపు చూసింది. అది ఆవిడ వేలే. గది నోరు మూయించడానికి ఏళ్ళ తరబడి వాడుకున్న వేలు.

నేను దారిలో ఆలోచించుకున్న ఉపాయం చెప్పాను. "కంగారు పడాల్సిందేం లేదండీ. రేపు పొద్దున్నే ఆ కొత్త పెట్టెలోంచి కుందేలు, జిరాఫీ, నత్త, అలాంటివన్నీ తీసి దాచేస్తే సరి. మిగిలినవాటితో పాఠం బ్రహ్మాండంగా నడుస్తుంది. తర్వాత తీరిగ్గా సరిదిద్దుకోవచ్చు."

ఆవిడ పలక తీసుకుని రాసింది: 'తర్వాత గది నాదే కాకపోతే?'

నాకు అర్థం కాలేదు. ఆవిడ తుడిచి మళ్ళీ రాసింది: 'కుందేలు వాళ్ళ బుర్రలో మునిగే ఉంటుంది.'

"రేపు అందరి ముందూ మునిగితే మీ గది పోతుంది కదండీ" అన్నాను.

ఆవిడ భుజాలెగరేసింది. తర్వాత ఇంకో వాక్యం రాసి పలక నా ఒళ్ళో పెట్టింది: 'మీరు సైన్సు చదివారుగా. చేప ఊపిరి ఎలా తీసుకుంటుంది? నాకు చూపించండి. చెప్పొద్దు.'

నాకు మొప్పల గురించి ఓ గంట చెప్పగలిగేంత తెలుసు. చూపించడం ఎన్నడూ చేయలేదు. లేచి నిలబడ్డాను. రెండు అరచేతులూ చెవుల కింద పెట్టుకున్నాను. నోరు తెరిచి నీళ్ళు మింగినట్టు చేశాను. నోరు మూసి, అరచేతులు రెక్కల్లా బయటికి తెరిచాను. మళ్ళీ నోరు, మళ్ళీ చేతులు. అత్తగారి చేతిలోని చిక్కుడుకాయ జారి కింద పడింది. "ఈయనకేమైందే, డాక్టర్ని పిలు!" అంది. పాప కిందపడి దొర్లింది. టీచరు మాత్రం నవ్వకుండా నా ఎదురుగా నిలబడి, అదే లయలో నోరూ చేతులూ ఆడించింది. నాలుగైదుసార్లకు నాకంటే బాగా చేప అయింది. తిమింగలం గాలి కోసం పైకి రావాలని చెబితే కళ్ళు పెద్దవి చేసి, అదీ చేసి చూపించింది. కప్ప దగ్గర ఇద్దరం ఆగిపోయాం. పిల్లకప్పకు మొప్పలు, పెద్దకప్పకు ఊపిరితిత్తులు, పైగా చర్మం గుండా కూడా గాలి. నేను చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నిలబడిపోయాను. ఆవిడ 'వద్దులే' అన్నట్టు చెయ్యి ఊపింది.

మర్నాడు మేమంతా పిల్లల కుర్చీల్లో, మోకాళ్ళు గడ్డానికి తగిలేలా ఇరుక్కుని కూర్చున్నాం. పెద్ద మేడం కొత్త పెట్టె విప్పి అన్నీ బుట్టలో గుమ్మరించింది. బల్ల మీద స్పీకరు కూడా పెట్టుకుంది, ఎందుకైనా మంచిదని. కుందేలును ఎవరూ తీయలేదు. పెద్ద చెవులు గుడ్డ కిందనుంచి బయటికే కనబడుతున్నాయి. నేను అటు చూడకుండా ఉండలేకపోయాను.

మొదట ఆవు వచ్చింది, గది మారుమోగింది. తల్లిదండ్రులు చప్పట్లు కొట్టారు. తర్వాత చేప, నిశ్శబ్దం, నీళ్ళు. మళ్ళీ చప్పట్లు. మూడోవాడు ఎప్పుడూ చొక్కా కాలరు నములుతూ ఉండే పిల్లవాడు. వాడు నేరుగా చెవులు పట్టుకుని కుందేలును లాగాడు. తిప్పి తిప్పి చూశాడు. కాలరు నమలడం ఆపేసి, నోటి మీద వేలు పెట్టుకుని, దాన్ని నీళ్ళలోకి జార్చాడు. పిల్లలందరి నోళ్ళ మీదా వేళ్ళున్నాయి. ఒక్కరు కూడా కాదనలేదు.

వెనక కుర్చీల్లో నవ్వులు మొదలయ్యాయి. వాడి తల్లి కొంగుతో ముఖం కప్పుకుని, "ఇంట్లో కుందేలు బొమ్మల పుస్తకం రోజూ చూస్తాడండీ, వీడికేం పోయేకాలం" అంది. ఈలోగా మా పాప లేచి జిరాఫీని తెచ్చింది. అది టబ్బులో నిలబడలేక పక్కకు ఒరిగిపోయింది. "పెద్ద నీళ్ళు కావాలి" అని మా పాప అందరికీ వివరించింది. ఈసారి నవ్వు ఇంకా పెద్దది. ఎవరో తండ్రి, "ఆవిడ నోరు విప్పకపోతే ఇంతే మరి, పిల్లలకేం తెలుస్తుంది?" అన్నాడు. పెద్ద మేడం స్పీకరు మీద చెయ్యి వేసి, "పిల్లలూ, కుందేలు ఎక్కడ" అని మొదలుపెట్టింది.

టీచరు చెయ్యెత్తి ఆపమంది. ఆ బడిలో పెద్ద మేడాన్ని అలా ఆపినవాళ్ళను నేను అంతకుముందు చూడలేదు.

ఆవిడ టబ్బు పక్కన నేల మీద కూర్చుంది. కుందేలు నీళ్ళ అడుగున ఉంది. దాని ముక్కును చూపించి, తన ముక్కు రెండు వేళ్ళతో నొక్కుకుని, నోరు మూసుకుంది. పిల్లలూ ముక్కులు నొక్కుకున్నారు. గది మొత్తం బుగ్గలు ఉబ్బించుకుని కూర్చుంది. నేను మనసులో సెకన్లు లెక్కపెట్టడం మొదలుపెట్టాను, ఏ బుడతడైనా స్పృహ తప్పుతాడేమోనని. ఒకరి తర్వాత ఒకరు "హా" అంటూ వదిలేశారు. మా పాప వదిలింది. చివరికి కాలరు పిల్లవాడు ఒక్కడే మిగిలాడు. ఎర్రగా కందిపోయి, ఇక తట్టుకోలేక గుప్పున నోరు తెరిచాడు. టీచరు వాడి వైపు చూసి, వేలితో నీళ్ళ అడుగున ఉన్న కుందేలును చూపించింది.

వాడు దాన్ని చూశాడు. రొప్పుతూనే టబ్బులో రెండు చేతులూ పెట్టి పైకి లాగాడు. విదిలించి, దాని ముక్కులోకి ఊదాడు.

"దీనికి ఊపిరాడట్లేదు!" అని అరిచి, గదంతా కోపంగా చూస్తూ, "ఎవరు వేశారు దీన్ని నీళ్ళలో?" అన్నాడు.

నవ్వులకు కుర్చీలు కిర్రుమన్నాయి. కానీ ఇది ఇందాకటి నవ్వు కాదు. మా పాప అప్పటికే జిరాఫీని ఒడ్డుకు లాగి, గౌనుతో తుడుస్తోంది.

టీచరు చేపను నీళ్ళలోంచి తీసి మట్టి మీద పెట్టింది. చేతులు చెవుల కిందికి వెళ్ళాయి. నోరు తెరిచింది, మూసింది, అరచేతులు విప్పింది. నెమ్మదిగా, ఇంకా నెమ్మదిగా. చేతులు విచ్చుకోవడానికి కష్టపడుతున్నట్టుంది. కళ్ళు మాత్రం టబ్బు వైపే. ముందు వరసలో ఒక పిల్ల ఏడుపు గొంతుతో "నీళ్ళలో వెయ్యండి టీచర్!" అంది. మిగతావాళ్ళు అందుకున్నారు. వేయగానే ఆవిడ చేతులు చకచకా ఆడాయి, పిల్లలు ఊపిరి పీల్చుకున్నారు. తిమింగలం వచ్చినప్పుడు దాన్ని నీళ్ళలో తిప్పి, పైకి తెచ్చి, తనే పెద్దగా గాలి పీల్చి మళ్ళీ ముంచింది. ఆ తర్వాత వచ్చిన ప్రతి బొమ్మకూ పిల్లలు ముందు ముక్కు వెతకడం మొదలుపెట్టారు. నత్త దగ్గర గొడవైంది. దానికి ముక్కెక్కడో ఎవరికీ దొరకలేదు. నిజం చెప్పాలంటే నేల నత్తలూ ఉన్నాయి, నీటి నత్తలూ ఉన్నాయి. నేను చెయ్యెత్తబోతే పక్కనున్న ఆయమ్మ నా చెయ్యి కిందికి లాగింది. "తొందరేముంది సారూ, రేపూ బడి ఉంది కదా" అంది.

చివరికి బుట్టలో కప్ప మిగిలింది. దాన్ని ఇద్దరు పిల్లలు రెండు వైపులకూ లాగారు. టీచరు దాన్ని తీసుకుని టబ్బు అంచు మీద కూర్చోబెట్టి ఊరుకుంది. పిల్లలు దాని వంక అనుమానంగా చూస్తూ ఇళ్ళకు వెళ్ళారు.

తల్లిదండ్రులు లేస్తూ ఉంటే, కాలరు పిల్లవాడి తల్లి పెద్ద మేడం దగ్గరికి వెళ్ళి, "వీణ్ణి ఈ టీచరు దగ్గరే ఉంచుతారు కదండీ? మార్చొద్దు" అంది. ఇందాక మాట జారిన తండ్రి ఆవిడ వెనకే వరసలో నిలబడ్డాడు. పెద్ద మేడం స్పీకరు తీగ చుట్టింది. చుట్టి, బీరువాలో పెట్టి తలుపు వేసింది. తర్వాత ఆయమ్మ వైపు తిరిగి, ఏదో ఫిర్యాదు చేస్తున్నట్టుగా, "మెట్ల కింద గదికి ఇంకెవర్నైనా చూసుకోవాలి" అంది.

"నన్ను చూడకండమ్మా, అక్కడ నాకు తల తగులుతుంది" అంది ఆయమ్మ.

టీచరు అప్పుడు టబ్బులో నీళ్ళు ఒంపుతోంది. ఆ మాట విని తల ఎత్తలేదు. టబ్బు మొత్తం ఖాళీ అయ్యేదాకా ఒంపి, గోడకు బోర్లించి, పైట చెంగుతో ముందు చేతులు తుడుచుకుంది, తర్వాత కళ్ళు.

చెప్పిన వారాలు గడిచాక ఆవిడ మాట్లాడడానికి డాక్టరు ఒప్పుకున్నాడు. ఆపరేషన్ అవసరం పడలేదు. గొంతు తిరిగొచ్చింది గానీ పాతది కాదు. కిందికి దిగిపోయింది, కొంచెం బరకగా ఉంటుంది. గాడిదా గుర్రమూ పిల్లలే అరుస్తారు. ఆవిడ పక్కన నిలబడి, బాగా లేకపోతే తల అడ్డంగా ఊపుతుంది. కాలరు పిల్లవాడి ఓండ్ర ఈ మధ్య గేటు దాకా వినబడుతోంది. బుట్టలో ఇప్పుడు కుందేలూ ఒంటే సీతాకోకచిలుకా ఉన్నాయి. నోటి మీద వేలు ఆవిడ పూర్తిగా మానేసింది. అల్లరి ఎక్కువైతే అందర్నీ ముక్కు మూసుకోమంటుంది. కాసేపటికి ఎవరికీ అరిచే ఓపిక ఉండదు. దీనివల్ల ప్రమాదమేమీ లేదని డాక్టర్ని అడిగి తెలుసుకున్నాను.

ఇంట్లో అత్తగారితో చేతులతోనే నడుస్తోందట. ఆ పద్ధతి ఇద్దరికీ అలవాటైపోయింది. పెద్దావిడకు చెవి మిషన్ పెట్టిద్దామని కొడుకు అంటే, "వద్దురా, ఇప్పుడే దాని మాట నాకు బాగా అర్థమవుతోంది" అందట.

ఆవిడ సొంత గొంతుతో చేసే కూత ఒక్కటే మిగిలింది. పోయిన వారం నా వంతు రోజున విన్నాను. బుట్టలోంచి కప్ప రాగానే పిల్లలు ఆవిడ వైపు తిరిగారు. ఆవిడ గడ్డం కిందికి లాక్కుని, ఏమాత్రం బలవంతం లేకుండా, ఆ బరక గొంతును అలా వదిలింది. "బెక బెక." వాన వెలిసిన గుంట పక్కన నిలబడితే వినిపించేది అచ్చం అదే. పాత గొంతుతో ఆవిడ కప్ప ఎప్పుడూ ఇంత బాగా రాలేదని ఆయమ్మ చెప్పింది. పిల్లలు కప్పను తీసుకెళ్ళి టబ్బు అంచు మీద కూర్చోబెట్టారు. కాసేపు నీళ్ళలోకి తోశారు, కాసేపు మట్టి మీదికి లాగారు.

ఇంటికి వస్తూ మా పాప, "నాన్నా, నత్తకు ముక్కెక్కడ?" అని అడిగింది.

రేపు టీచర్ని అడుగుదామన్నాను.

"టీచరు నిన్ను అడగమంది" అంది.